నిలువసొమ్ము లేని తలిదండ్రులు

బౌద్ధనగరు, తార్నాకలనుండి చదువులకై అమెరికాకేగిన బిడ్డలు తలిదండ్రులను కొన్నినెలలు తమకడ నుంచుకొనగోరుట సహజము. కాని ఆ చదువులకే సర్వస్వము వెచ్చించిన వృద్ధులకు నిలువసొమ్మెక్కడిది? అప్పుతెచ్చి బ్యాంకుఖాతా నింపి చూపుట అనర్థము. 1952 నాటి అమెరికా వలసచట్టము, 214(బి) విభాగమున, సందర్శకుని వలసరానున్నవానిగానే ముందు భావించును. తిరిగివత్తునని నిరూపించు భారము ఆతనిదే. బిడ్డ పూచీపత్రము తప్పనిసరి కాదు, అదియొక్కటియే చాలదు. తిరస్కరించినను 185 డాలర్ల దరఖాస్తు రుసుము తిరిగిరాదు. కావున ఖర్చు బిడ్డయే భరించునని నిజము పలుకుడు. స్వగృహము, పింఛను, ఇచ్చటి కుటుంబము చూపుడు. నానక్‌రామ్‌గూడ కాన్సలేటు అధికారులును పాసుపుస్తకపు అంకెలకన్న ఈ బంధములనే తూచవలెను. కన్నబిడ్డను చూచుకొను భాగ్యము ధనికులకే పరిమితము కారాదు!