అంగిట్లో తెల్లమచ్చ

విజయనగరం నుంచి ఒక సోదరి వ్రాశారు: "పాలకొండ దగ్గర పల్లెలో ఉన్న మా మేనత్త నలభై ఏళ్ళుగా అడ్డపొగ కాలుస్తోంది. అంగిలి తెల్లబారి, అక్కడక్కడ ఎర్రచుక్కలు కనిపిస్తున్నాయి. చూపించుకోమంటే 'ఒలమ్మా, నొప్పేటీ నేదు గదే' అంటుంది. ఇది ట్యూమరా, కాన్సరా? రెండూ ఒకటేనా?"

ఒకటి కాదమ్మా. ట్యూమరంటే కణితి. కణాలు అవసరం లేకున్నా పెరిగి గడ్డకట్టడం. వీపుమీద ఏళ్ళ తరబడి మెత్తగా కదిలే కొవ్వుగడ్డ కూడా కణితే. అది ఉన్నచోటే ఉంటుంది, బినైన్ అంటారు. పక్క కండలోకి చొరబడి, రక్తం వెంట దూరపు అవయవాలకు పాకగలిగేది మాలిగ్నెంట్. పెద్దలు రాచపుండన్నదీ, డాక్టర్లు కాన్సరన్నదీ దీన్నే. లాటిన్‌లో ఆ మాటకర్థం పీత, మన పంచాంగంలోని కర్కాటకమే! చీటీమీద చివర 'ఓమా' అని కనబడగానే హడలిపోకండి. కొవ్వుగడ్డ పేరు లైపోమా, అది కాన్సరు కాదు. కార్సినోమా, లింఫోమా కాన్సర్లే. రక్తపు కాన్సరులోనైతే గడ్డే ఉండకపోవచ్చు.

ఇక మీ అత్తగారి సంగతి. చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటే వేడీ పొగా నేరుగా అంగిటికే తగులుతాయి. ఇతరచోట్ల అరుదైన అంగిటి కాన్సరు మన వైపు కనబడడానికి కారణం అదే. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన మెహతా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఆ వివరాలు ప్రకటించారు. మన ఆడవాళ్ళ అలవాటును చూడడానికి అంతదూరం నుంచి రావలసి వచ్చింది!

ఆ ఎర్రచుక్కలు సాధారణంగా పొగకు వాచిన చిన్న గ్రంథుల నోళ్ళు. తెల్లమచ్చలన్నీ కాన్సరు కావు, చాలావరకు కానేరవు. కాని ఏది అవుతుందో కంటితో చెప్పలేం. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. అదే బయాప్సీ. కత్తి తగిలితే పాకిపోతుందన్నది ఒట్టి భయం. నొప్పి లేదన్న ధీమా మాత్రం అసలు వద్దు. నోటి కాన్సరు తొలిరోజుల్లో తరచు నొప్పే పెట్టదు. మచ్చ గట్టిపడినా, పుండై రెండు మూడు వారాల్లో మానకపోయినా, మెడలో బిళ్ళ తగిలినా ఒక్కరోజు కూడా ఆగకండి.

చుట్ట మానాలి, నిప్పు కొస బయటపెట్టి కాలుస్తానంటే ఒప్పుకోకండి. శ్రీకాకుళం ప్రభుత్వ ఆస్పత్రిలో గాని, విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రిలో గాని నోరు చూపించండి. ఆవిడను ఒంటరిగా పంపకండి, మీరే వెంట వెళ్ళండి. చీటీలో ఏ మాట ఉందో నాకు వ్రాయండి.