కోత మిషను కొనేముందు

వరి కోతల వేళ నెల్లూరు జిల్లా కోవూరు మండలంలో మిషను దొరకడమే గగనం. కూలీలు రారు, పండిన పైరు ఒరిగిపోతుంటుంది, మిషను వాళ్లు అడిగిందే బాడుగ. ఆ గిరాకీ చూసి, పొలం తాకట్టు పెట్టయినా సొంత మిషను కొందామనే ఆశ కలగడం సహజం. కానీ గిరాకీ కొన్ని వారాలే. అప్పు ఏళ్ల తరబడి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. మిషను ధర 25 లక్షలనుకుందాం. చేతి సొమ్ము 5 లక్షలు, 12 శాతం వడ్డీకి అప్పు 20 లక్షలు, గడువు ఐదేళ్లు. మొదటి ఏడాది అసలు 4 లక్షలు, వడ్డీ 2.4 లక్షలు కట్టాలి. డీజిలు, డ్రైవరు జీతం, మరమ్మతులు పోను గంటకు వెయ్యి రూపాయలు మిగిలినా, అప్పుకే 640 గంటలు తిరగాలి. రోజుకు 8 గంటల చొప్పున 80 రోజులు. సొంత పొలం పదెకరాలుంటే, ఎకరాకు గంటన్నర చొప్పున రెండు పంటలకూ కలిపి పని 30 గంటలే. మిగతా 610 గంటలూ ఇతరుల పొలాల్లో దొరకాలి.

దొరుకుతాయా? రబీ కోతలు ఊరూరా దాదాపు ఒకేసారి వచ్చి, కొన్ని వారాల్లోనే ముగుస్తాయి. రెండో పంట ఎడగారు సోమశిల జలాశయం నీటిని బట్టి ఉంటుంది. 78 టీఎంసీల ఆ జలాశయంలో నీళ్లు చాలని ఏడాది ఎడగారు విస్తీర్ణం తగ్గుతుంది, మిషనుకు పనీ తగ్గుతుంది. కిస్తీ మాత్రం తగ్గదు.

యాంత్రీకరణ పథకాల రాయితీ ధరను తగ్గిస్తుందే గానీ పని గంటలను పెంచదు.

అందుకే కొనేముందు గడిచిన ఐదేళ్లలో మన కాలవల కింద ఎడగారు ఎన్ని ఎకరాల్లో సాగయిందో కనుక్కోవాలి. కోతకు పిలుస్తామని ఎంతమంది రాతపూర్వకంగా ఒప్పుకుంటారో చూడాలి. కరవు ఏడాది లెక్కలోనూ కిస్తీ వెళ్లకపోతే కొనకూడదు. బాడుగకు తెచ్చుకోవాలి, లేదా పదిమంది కలిసి కొనాలి. బ్యాంకులు సైతం తాకట్టు భూమి విలువను కాక మిషనుకు దొరికే పనిని చూసి అప్పివ్వాలి, కిస్తీల గడువును కోతల తర్వాతే పెట్టాలి. ఈ జాగ్రత్తలు లేకుండా సంతకం చేస్తే, రైతు పణంగా పెట్టేది తన పొలాన్నే.