బకెట్ ముఖ్యమా, మోచేయి ముఖ్యమా?

ఆమధ్య ఒక సోమవారం ఉదయం పొయ్యి మీద నుంచి కుక్కర్ దించబోతే కుడి మోచేయి లోపలి వైపు కలుక్కుమంది. ముందు రోజు డ్రైవింగ్ రేంజ్‌లో వంద బంతులు కొట్టిన చేయి అది. ‘అదే తగ్గుతుందిలే’ అనుకుని మరో నెల అలాగే ఆడాను. చివరికి షర్టు గుండీ పెట్టుకోవాలన్నా నొప్పే.

మోచేయి బయటి వైపు నొప్పి వస్తే టెన్నిస్ ఎల్బో. 2004లో సచిన్‌ను నెలల తరబడి మైదానానికి దూరం చేసింది అదే. లోపలి వైపు వస్తే గోల్ఫర్స్ ఎల్బో. గోల్ఫ్ ఆడేవారికి రెండూ వస్తాయి. మణికట్టును వంచే కండరాలను మోచేతి ఎముకకు కట్టి ఉంచే టెండాన్, అలవాటు లేని బరువు ఒక్కసారిగా మీద పడితే దెబ్బతింటుంది. వారమంతా మౌస్ పట్టుకుని, ఆదివారం ఒక్కరోజే వీరంగం వేసే మనలాంటివారికి జరిగేది సరిగ్గా ఇదే.

సింగపూర్‌లో ఇంకో చిక్కుంది. 18 హోల్స్ ఉన్న మరీనా బే పబ్లిక్ కోర్సు 2024 జూన్ 30న మూతపడింది. క్లబ్ సభ్యత్వం లేని మనకు ప్రాక్టీసంటే ఎక్కువగా రేంజే, కింద మ్యాటే. పచ్చికలో అయితే క్లబ్బు మట్టిని కోసుకుపోతుంది. మ్యాటు కింద కాంక్రీటు ఉంటే ఆ అదురు చేతికే తగులుతుంది. పైగా డబ్బు కట్టాం కదా అని బకెట్ అడుగు కనిపించే దాకా కొడతాం. నా మోచేతిని పాడుచేసింది ఆటకంటే ఈ ‘పైసా వసూల్’ బుద్ధే.

ఫిజియోథెరపిస్టు చెప్పాక నేను మార్చుకున్నవి కొన్నే. ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, చిన్న క్లబ్బుతో సగం ఊపుతో మొదలుపెట్టడం, బంతిని టీ మీద పెట్టి కొట్టడం, గ్రిప్పును పిసకకుండా పట్టుకోవడం, ముప్పై, నలభై బంతులకే ఆపేయడం. ఇంట్లో ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి ఉంచి, అరకిలో డంబెల్‌ను రెండో చేతి సాయంతో పైకెత్తి, నెమ్మదిగా ఐదు లెక్కపెడుతూ దించడం. మర్నాడు నొప్పి పెరిగితే బరువు తగ్గించాలి.

పూర్తిగా మానేసి కూర్చుంటే టెండాన్ బలపడదు, ఓర్చుకుని ఆడితే మానదు. మధ్యేమార్గానికి నెలలు పడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో త్వరగా ఉపశమనం దొరకొచ్చు. కానీ టెన్నిస్ ఎల్బోపై జరిగిన అధ్యయనాల్లో, ఏడాది తిరిగేసరికి ఇంజెక్షన్ తీసుకున్నవారి పరిస్థితే తక్కువగా మెరుగుపడింది. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కినా, వాపు వచ్చినా, రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

మిగిలిన బంతులను ఇప్పుడు పక్క బేలో ఆడే పిల్లలకు ఇచ్చేస్తున్నాను. ఆ నాలుగు డాలర్ల నష్టం, ఆర్నెల్ల నొప్పి ముందు ఏపాటిది?