పెరటితోట: ఈ మొలక ఏ మొక్క?



తొలకరి పడగానే పెరట్లో నాలుగైదు రకాల గింజలు వేస్తాం. ఏ వరుసలో ఏవి వేశామో పది రోజులకు మరచిపోతాం. కొలకలూరు వంటి మన డెల్టా ఊళ్ళలో నల్లనేలకు తడి తగిలితే చాలు, మనం వేసినవీ, వంటింటి చెత్తతో వచ్చి పడినవీ కలిసి లేస్తాయి. అన్నీ కలుపే అనుకొని పీకితే కూరలు పోతాయి. అన్నీ కూరలే అనుకొని వదిలితే ప్రమాదం కూడా ఉంది.

మొదట విచ్చుకొనే రెండు ఆకులు బీజదళాలు, అంటే గింజలోని పప్పుబద్దలే. వాటిని చూసి నిర్ణయానికి రాకండి. ఆ తరువాత రెండు మూడు అసలు ఆకులు వచ్చేవరకు ఆగండి.

అసలు ఆకు అంచులు చీలి, నలిపితే టమాటా వాసన వస్తే అది టమాటా. వెడల్పుగా, మెత్తని నూగుతో ఉంటే వంగ. నూగు లేక నిగనిగలాడుతూ కొన తేలి ఉంటే మిరప. ఈ మూడింటి నారును 4-5 వారాలకు తీసి నాటుకోవచ్చు.

పాదులకు బీజదళాలు మందంగా, కోలగా ఉంటాయి. వాటి కొసన గింజ పెంకు అంటుకొని ఉంటే పని సులువు. నల్లనిదైతే బీర, అంచులు చెక్కినట్లుంటే కాకర. పెంకు రాలిపోతే ఆకు చూడండి: పట్టులా మెత్తనిది సొర, లోతుగా చీలినది కాకర. పాదులను పీకి మార్చితే వేరు దెబ్బతింటుంది గనుక మొలిచిన చోటనే పందిరి వేయండి.

ఇక జాగ్రత్తలు. ఉమ్మెత్త వంగ కుటుంబానిదే. లేతప్పుడు వంగలాగే కనిపించి మోసం చేస్తుంది. ఆకు నలిపితే వెగటు వాసన వస్తుంది. మొక్క అంతా విషమే. వేళ్ళతో సహా పీకి, కళ్ళు తాకకముందే చేతులు కడుక్కోండి. తెలియని మొలకను రుచి చూసి పోల్చవద్దు, ఆకుకూరలో కలపవద్దు. పొరపాటున తిన్నవారికి నోరు ఎండిపోయి, కనుపాపలు పెద్దవై, మాట తడబడితే ఆ మొక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రెండవది, చెత్తకుప్ప మీద తానుగా మొలిచిన సొర. పరపరాగసంపర్కం వలన దాని కాయ ఒక్కోసారి చేదుగా రావచ్చు. ఆ చేదు ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగరాదని భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘం 2012లో వెలువడిన నివేదికలో హెచ్చరించింది. కనుక కోసిన ప్రతి కాయనుండి చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదైతే ఉమ్మివేసి కాయను పారవేయండి. పిల్లలకు పెట్టే కూర విషయంలో ఒక్క కాయ పోయిందని బాధపడనక్కరలేదు.

ఈసారి గింజ వేసిన నాడే పాత స్టీలు గరిటెకో, కొబ్బరి పుల్లకో పేరు రాసిన చీటీ కట్టి వరుస మొదట గుచ్చండి.