‘విధించారంట’ అంటే సరిపోతుందా?

మొన్న సంతరోజు జంగారెడ్డిగూడెం వెళ్తుంటే మా ఆటోని దారిలో ఒకచోట ఆపారు. పిన్ని దగ్గర రెండు బస్తాల అడవి చింతపండు, ఒక కట్ట కొండచీపుర్లు ఉన్నాయి. "అడవి సరుకు మీద పన్నుందమ్మా, బస్తాకి వంద" అన్నాడాయన. రసీదు లేదు. పిన్ని రెండొందలు తీసిచ్చింది. "ఎందుకిచ్చావ్?" అనడిగితే, "విధించారంట కదరా, ఏం చేస్తాం" అంది.

మనం మాట్లాడుకునేటప్పుడు పన్ను వేశారంటాం. విధించడం పేపర్ల భాష, ఆఫీసుల భాష. శిక్షా విధిస్తారు, జరిమానా విధిస్తారు, కర్ఫ్యూ విధిస్తారు. విధి అంటే నియమం అని ఒక అర్థం, తలరాత అని ఇంకో అర్థం. మన పెద్దోళ్ల దాకా వచ్చింది ఆ రెండోదే.

ఊరికే రాలేదు. గోదావరి అవతల రంపలో మన్సబుదారు కల్లుగీత మీద ‘చిగురుపన్ను’ పిండాడు. సర్కారేమో ఆబ్కారీ పేరుతో కల్లుని కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. 1879లో కొండ తిరగబడింది. అడవిలో పశువుల్ని మేపితే పుల్లరి. దాన్ని కట్టం అన్నందుకే పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలయ్యాడు.

ఇప్పుడు రాజ్యాంగం ఉంది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించకూడదు, వసూలూ చేయకూడదు అంటుంది 265వ అధికరణ. రెండు మాటలూ విడివిడిగా చెప్పింది చూడండి. విధించాలంటే వెనక చట్టం ఉండాలి. దారిలో నిలబడ్డోడు తనంతట తాను విధించలేడు, మహా అయితే ఉన్నదాన్ని వసూలు చేస్తాడు. మరి చింతపండు మీద ఉందా? అటవీ హక్కుల చట్టం, 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు మనకిచ్చింది. ఆ చట్టం కింద హక్కున్నోళ్లు చేసే సేకరణ మీద రాయల్టీ, ఫీజు, ఇంకే ఛార్జీ ఉండకూడదని 2012లో సవరించిన నియమాల్లో రాసే ఉంది.

సంతలో ఆశీలు వేరే సంగతి. అది పంచాయతీది, రసీదు అడిగి తీసుకుని కట్టండి. కానీ రసీదు లేకుండా, ఏ చట్టమో చెప్పకుండా రోడ్డు మీద తీసుకునేదాన్ని పన్ను అనొద్దు. దానికి తెలుగులో వేరే మాటుంది, మామూలు.

ఇదంతా చెప్తే పిన్ని విని, "అయితే ఆ నియమాల కాయితం రెండు కాపీలు తీయించు. ఒకటి నాకు, ఒకటి ఆటో అబ్బాయికి" అంది. తీయించాను. వచ్చే సంతకి నేనూ వెళ్తున్నా.