బ్యాంకు షేరు: వెలయా, విలువయా?

నేనెరిగిన కర్నూలు, కడప విశ్రాంత ఉపాధ్యాయులలో షేర్ల జోలికి పోయినవారు తక్కువ. పోయినవారు ముందుగా కొన్నది ఆంధ్రా బ్యాంకు షేరు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన బ్యాంకన్న అభిమానమే అందుకు కారణం. 2001లో ఆ షేరు 10 రూపాయల ముఖవిలువకే దొరికినది; 2006లో 90 రూపాయలకు అమ్మినారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు వేయి షేర్లకు 325 ఇచ్చినారు. యూనియన్ బ్యాంకు షేరు అప్పుడు ముప్పై రూపాయలకు అటూఇటూ. అనగా 2006లో తొంభై వేలు పెట్టినవారికి మిగిలినది సుమారు పదివేలు. 2001లో పదివేలు పెట్టినవారికీ అదే పదివేలు! నడుమ వచ్చిన డివిడెండ్లు వేరు లెక్క.

"పుస్తక విలువ కన్న తక్కువకు వస్తున్నది గదా అని మరికొన్ని కొన్నాము" అనేవారు మిత్రులు. నా అభ్యంతరమంతా ఆ మాట మీదనే. తెలుగులో వెల వేరు, విలువ వేరు. వెల అంగడిలో పలికేది. విలువ వస్తువులో ఉండేది. బ్యాంకు విషయంలో ఆ వస్తువేది? ఇతరులు తీరుస్తామన్న అప్పులే!

ఒక ఊహాలెక్క చూడండి. మూలధనమూ నిల్వలూ కలిపి నూరు కోట్లు, ఇచ్చిన అప్పులు వేయి కోట్లు. అందులో నికర నిరర్థక ఆస్తులు నూటికి ఐదు. వినడానికి స్వల్పమే, కాని ఆ యాభై కోట్లు రాకపోతే సొంత సొమ్ములో సగం హరించుకుపోవును. అటువంటి షేరు సగం ధరకు వస్తే అది చవక కాదు, సరియైన వెల. (అర్థమనగా ధనము కూడా కనుక, 'నిరర్థక' అన్న అనువాదం ఎవరు చేసినారో గాని చక్కగా కుదిరినది.) 2019 మార్చి నాటికి ఆంధ్రా బ్యాంకు నికర నిరర్థక ఆస్తులు నూటికి ఐదు దాటినవి. అంతకు ముందటి రెండు సంవత్సరాలూ వేలకోట్ల నష్టమే. నష్టంలో ఉన్న బ్యాంకుకు ధర-లాభాల నిష్పత్తి చూచి ప్రయోజనమేమి?

మన సీమలో ఇంకొక చిక్కున్నది. స్వల్పకాలిక పంటల అప్పు రెండు పంటకాలాలు దాటి బకాయిపడితేనే నిరర్థకమగును. కరువు ప్రకటిస్తే పంట ఋణాన్ని దీర్ఘకాలిక ఋణంగా మార్చి, సక్రమమైన ఖాతాగానే చూపవచ్చు. రైతుకు ఊపిరి సలపాలంటే ఆ వెసులుబాటు ఉండవలసినదే. దానిని నేను తప్పుపట్టను. కాని వేరుశనగ ఎండిపోయిన చేనుకూ, పండిన చేనుకూ ఇచ్చిన అప్పులు ఖాతాపుస్తకంలో ఒకే వరుసలో కనిపించును.

అంగడి మాత్రం సర్వజ్ఞమా? కాదు. యెస్ బ్యాంకు 2016 మార్చి లెక్కలలో స్థూల నిరర్థక ఆస్తులు 749 కోట్లని చూపినది. రిజర్వు బ్యాంకు తేల్చినది 4,926 కోట్లు. ఆ తేడా 2017లో బయటపడినా, షేరు 2018 ఆగస్టు దాకా పైపైకే పోయినది. అంకెలు ఎదుట ఉన్నా చదివినవారు లేరన్నమాట.

కడప కేంద్రంగా 2006లో ఏర్పడి, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుకు అంగడి వెల అన్నదే లేదు. వాటాలు కేంద్రానివి 50, రాష్ట్రానివి 15, ప్రాయోజక బ్యాంకువి 35 పాళ్లు. మన జిల్లాల డిపాజిట్లు పెద్దమొత్తంలో దాచుకొన్న ఆ బ్యాంకు ఆస్తి అప్పుల పట్టికను, షేరుదారుల కన్నుతో, మనలో ఎందరు తిరగవేసినాము?