పంచాంగం చెప్పని ఫలితం

అమ్మాయి పెద్దమనిషి అయిందనగానే తెలుగు ఇళ్లలో ఇప్పటికీ కొందరు ముందుగా తీసేది పంచాంగమే. తిథి, వారం, నక్షత్రాలను బట్టి ఆమె భవిష్యత్తు ఎలా ఉంటుందో చూసుకుంటారు. వైద్యులు కూడా ఆ రోజును బట్టి భవిష్యత్తును అంచనా వేస్తున్నారు. అయితే వారు చూసేది నక్షత్రాన్ని కాదు, వయసును.

ఎనిమిది ఐరోపా దేశాల్లో జరిగిన ఎపిక్-ఇంటరాక్ట్ అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 13 ఏళ్లకు రజస్వల అయినవారితో పోలిస్తే, 8-11 ఏళ్ల మధ్య అయినవారికి తర్వాతి కాలంలో టైప్-2 మధుమేహం ముప్పు 70 శాతం ఎక్కువని తేలింది. బ్రిటన్‌లో దాదాపు 12 లక్షల మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2014లో గుండె జబ్బు సంగతీ బయటపెట్టింది. పదేళ్లకో, అంతకన్నా ముందో రజస్వల అయినవారికి ఆ ముప్పు 27 శాతం ఎక్కువ. మరీ ఆలస్యంగా, 17 ఏళ్లు దాటాక అయినవారికీ ముప్పు ఎక్కువే. అందరికన్నా తక్కువ 13 ఏళ్లకు అయినవారికి.

ఇందులో పెద్ద పాత్ర కొవ్వుదే. 1994లో అమెరికాలో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గుర్తించిన లెప్టిన్ అనే హార్మోన్ కొవ్వు కణాల్లో తయారవుతుంది. నిల్వలు సరిపడా ఉన్నాయని మెదడుకు కబురు చేరవేసేది అదే. ఒళ్లు చేసిన పిల్లల్లో ఆ కబురు ముందే చేరుతుంది. అదే కొవ్వు పెద్దయ్యాక ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. అలాగని నేరమంతా బరువుదే కాదు. బరువు తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఐరోపా అధ్యయనంలో 42 శాతం అదనపు ముప్పు మిగిలింది.

మన దేశానికి ఇది దూరపు సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చిన లెక్క ప్రకారం మధుమేహులు 10.1 కోట్ల మంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మహిళల్లో సుమారు 40 శాతం మందికి నడుము చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. పురుషుల్లో అది 12 శాతమే.

పిల్ల తొందరగా ఎదిగితే బ్రాయిలర్ కోడినో, టీవీనో తిట్టుకోవడం మామూలే. ఆ తర్వాత జరిగేది ఇంకా విచిత్రం. బలానికని చిమ్మిలి, సున్నుండలు దగ్గరుండి తినిపిస్తారు. పెద్దదానివయ్యావంటూ ఆటలు మాన్పిస్తారు. అంటే జాగ్రత్త మొదలుకావలసిన రోజే ఆట ఆగిపోతోంది. 11-17 ఏళ్ల అమ్మాయిల్లో 85 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. వారికి రోజుకు గంటసేపు ఆటో, పరుగో, వేగంగా నడకో ఉండాలి.

ఎనిమిదేళ్లు నిండకముందే ఎదుగుదల మార్పులు కనిపిస్తే పిల్లల వైద్యుణ్ణి కలవాలి. చిన్న వయసులో రజస్వల అయినవారు ఆపైన బరువు, నడుము కొలత మీద కన్నేసి ఉంచాలి. ప్రభుత్వ కార్యక్రమంలో మధుమేహ పరీక్షలు 30 ఏళ్ల నుంచి మొదలవుతాయి. బరువు కూడా ఎక్కువగా ఉంటే అంతదాకా ఆగక్కర్లేదు.

“ఏ వయసులో?” అన్న ఒక్క ప్రశ్నకు రక్తం తీయనక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. డాక్టరు అడగడమే తరువాయి. జవాబు తల్లికి ఎటూ గుర్తే ఉంటుంది.